ఇంటికి బ్యాటరీ డ్రిల్ కొనేముందు గోడ సంగతి చూస్కోండ్రి

పండుగ సేల్ మొదలైతె చాలు, మా కాలనీల ఎవరో ఒకరు ఒక డ్రిల్ మిషన్ ఫొటో పంపి "అన్నా, ఇది తీస్కోవచ్చా" అని అడుగుతరు. ఫొటో ఎప్పుడు చూసినా ఒక్క తీరే ఉంటది, నల్ల డబ్బా, దాన్నిండ మిషన్ మూతికి బిగించే బిట్లు, పైన పెద్ద పెద్ద అక్షరాలల్ల 48 వోల్టులు అనో 88 వోల్టులు అనో రాసుంటది, ధర రెండు వేలకు అటో ఇటో. నేను తిరిగి అడిగేది గూడ ఒక్కటే, "తమ్మీ, మీ ఇంటి గోడ ఏం గోడ?" సిమెంట్ గోడనే అంటరు. సిమెంట్ పైన పూసిందిరా నాయన, లోపల ఏమున్నదో అది చెప్పు అంటె అప్పుడు ఆలోచన చేస్తరు.

నేను సుతారిని కాదు, ఎలక్ట్రీషియన్ని కాదు, ఇంట్ల పని నా చేతులతోని చేస్కునుడు ఇష్టం, గంతె. ఇష్టం లేకున్నా చేస్కోవాల్సిందేలె, ఎందుకంటె రెండు బొక్కల కోసం నల్గొండల మనిషిని పిలిస్తె "రేపొస్త సార్" అంటడు, ఆ రేపు ఎప్పుడొస్తదో ఆయనకు గూడ తెల్వది, ఆయన తప్పు గూడ లేదు, రెండు బొక్కలకు బండి వేసుకొని వస్తె ఆయనకు మిగిలేదేం లేదు. అందుకే ఇంటికొక మిషన్ ఉండాలంట నేను. కాని ఏ మిషన్ అనేది మీ గోడను బట్టి ఉంటది, యూట్యూబ్‌ల అమెరికా ఆయన చెప్పిందాన్ని బట్టి కాదు, వాళ్ళ ఇండ్లల్ల చాలామటుకు లోపలి గోడలు చెక్క ఫ్రేముకు బోర్డు కొట్టినయి, మనయి అట్ల కావు.

మన దిక్కు ఏమేం గోడలున్నయో చూడండ్రి. ఊర్లల్ల పాత ఇండ్లు రాతి గోడలు, మట్టితోనో సున్నంతోనో కట్టినయి, మూరెడు మందం, ఆ రాయి అంత మన గుట్టల గ్రానైటే. తర్వాత కట్టినయి ఎర్ర ఇటుక, బయట తొమ్మిదించుల గోడ, అర్రల నడుమ నాలుగున్నర ఇంచులది. ఈ మధ్య కట్టేటియి పిల్లర్లు, బీములు, స్లాబు కాంక్రీటు, నడుమ సిమెంటు ఇటుకనో, బూడిద ఇటుకనో, లేకుంటె తెల్లగ తేలికగ ఉండే లైట్ వెయిట్ బ్లాకో. ఒక్కొక్క దానికి ఒక్కొక్క లెక్క. ఎర్ర ఇటుకల ఆరు ఎం.ఎం. బిట్టు చిన్న బ్యాటరీ మిషన్‌తోని గూడ దిగుతది, హ్యామర్, అంటె తిరుక్కుంటనే టకటక కొట్టేది, ఆన్ చేస్తె చాలు. లైట్ వెయిట్ బ్లాకుకు హ్యామర్ అసలు ఆన్ చెయ్యొద్దు, ఊరికె తిప్పితెనే దిగుతది, హ్యామర్ పెడితె బొక్క పెద్దగయ్యి, స్క్రూ పట్టుకోను అందుల కొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు గుల్లగ తిరుగుతది. కాంక్రీటుకు జోరు కావాలె. గ్రానైటు రాయి సంగతైతె చెప్పొద్దు, దానికి వేరే మిషనే కావాలె.

మీ గోడల ఏమున్నదో తెల్వకుంటె బిట్టు చెప్తది. కనపడని చోట, బీరువ ఎనుక అనుకోండ్రి, ఒక బొక్క వెయ్యుండ్రి, కింద ఒక కాయితం మడతపెట్టి టేపుతోని గోడకు అతికియ్యుండ్రి. మొదలు తెల్లటి మెత్తటి పిండి పడతది, అది లప్పం, తర్వాత బూడిద రంగు ఇసుక లెక్క పడతది, అది ప్లాస్టరు, లోపలి దిక్కు ఒక అర ఇంచు ఉంటది. ఆ తర్వాత ఎర్రగ పడితె ఇటుక, ఇంక ఫికరు లేదు. బూడిద రంగే పడుకుంట, సన్నగ, కొంచెమే పడుకుంట, మిషన్ చప్పుడు సన్నబడి బిట్టు ముందుకు పోకుంటె అది కాంక్రీటు. ఒక్కోసారి మంచిగ దిగుకుంట పోయి టక్కున ఆగుతది, అప్పుడు కంకర రాయి తగిలినట్టు, లేకుంటె లోపల ఇనుప సీకు తగిలినట్టు. బిట్టు కొసకు ఇనుప రజను మెరుస్తె సీకే. ఇంక బలవంతం చెయ్యకండ్రి, ఒక ఇంచు పక్కకు జరుగుండ్రి.

ఈ కాంక్రీటు ఎక్కడ తగులుతదంటె, మీరు అనుకోని దగ్గర తగులుతది. ఇంటికి డ్రిల్ కొన్నోళ్ళు మొట్టమొదట చేసే పని ఏంది? పర్దాల రాడ్ బిగించుడు. ఇంటామె అడిగేది అదే గద. పర్దా రాడ్ కిటికి మీద వస్తది, కిటికి మీద ఏముంటది, లింటెల్ ఉంటది, అది కాంక్రీటు, కిటికికి అటు ఆరించులు ఇటు ఆరించులు గోడలకు పోయి ఉంటది, చాలా ఇండ్లల్లనైతె ఏడు ఫీట్ల ఎత్తుల ఇల్లు చుట్టూ బెల్టు లెక్క తిరిగి ఉంటది. అంటె ఇల్లు మొత్తం ఇటుకదే అయినా మీ మొదటి బొక్క కాంక్రీటుల పడుతది. ఆడ్నే చిన్న మిషన్లు చేతులెత్తేస్తయి, "మిషన్ మంచిగ లేదు" అని తిరిగి పంపుతరు. మిషన్ మంచిదే, చోటు మారాలె. లింటెల్ మీద ఒక ఫీటు పైకి పోతె మళ్ళ ఇటుకే వస్తది, పర్దా జర పొడుగు కుట్టిచ్చుకుంటె అర్ర గూడ ఎత్తుగ కనపడతది. మా ఇంట్ల అన్ని కిటికీలకు గట్లనే పెట్టిన.

ఇప్పుడు హ్యామర్ అనే మాట సంగతి. దుకాణంల మూడు రకాల మిషన్లు ఉంటయి, మూడింటిని డ్రిల్లే అంటరు. ఒకటి ఉత్త డ్రిల్ డ్రైవరు, తిరుగుతది గంతె, చెక్కకు, ఇనుముకు, స్క్రూలకు. రెండోది ఇంపాక్ట్ డ్రిల్, బయటి దేశాలల్ల దీన్నే హ్యామర్ డ్రిల్ అంటరు, లోపల పండ్లున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుకుంట టకటక కొడతయి, నిమిషానికి 20,000 దెబ్బలకు పైన, కాని ఒక్కొక్క దెబ్బ చానా చిన్నది, మీరు ఎనుక నుంచి ఒత్తితెనే పని చేస్తది. మూడోది రోటరీ హ్యామర్, ఇందుల పిస్టన్ ఉంటది, గాలి ఒత్తిడితోని కొడతది, దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే గాని ఒక్కొక్కటి గట్టిది, మీరు ఒత్తే పని లేదు, దాని బిట్లు గూడ వేరే, ఎస్‌డీఎస్ అంటరు, ఎనుక దిక్కు గాడులుంటయి, టక్కుమని లోపలికి పోతయి. కాంక్రీటుకు, రాయికి సరైన మిషన్ ఈ మూడోదే. ఎలక్ట్రీషియన్లు తెచ్చేది గూడ అదే. ఇంటికి అది కొనే అవసరం లేదు, ఏడాదికోసారి స్లాబుకు హుక్కు కొట్టాలంటె కిరాయికి దొరుకుతది, లేకుంటె ఆ ఒక్క పనికి మనిషిని పిలుస్తె సరిపాయె.

ఇంకో ముచ్చట. మొదటి బ్యాటరీ డ్రిల్‌ను 1961ల బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తెచ్చింది, నికెల్ కాడ్మియం బ్యాటరీతోని. పదేండ్లకు, 1971ల, అపోలో 15 మీద చంద్రుని మీదికి బ్యాటరీ డ్రిల్ పట్టుకపోయిన్రు, అది గూడ తిరుక్కుంట కొట్టేదే, అక్కడ మూడు మీటర్ల బొక్క వేద్దామనుకుంటె నేల గట్టిగ తగిలి సగం దాక పోయి ఆగింది. అంత ఖర్చు పెట్టి తయారు చేసిన మిషనే ఆగినంక మన రెండు వేల మిషన్ లింటెల్ కాడ ఆగుడు ఎంత పని.

ఇగ ఆ 48, 88 వోల్టుల కత. లిథియం సెల్లు ఒక్కోటి మామూలుగ 3.6 వోల్టులు, ఫుల్ చార్జింగ్‌ల 4.2. మూడు సెల్లులు పెడితె 10.8, దాన్నే 12 వోల్ట్ మిషన్ అంటరు. ఐదు పెడితె 18. అదే ఐదు సెల్లులను చార్జింగ్ ఎక్కినప్పటి లెక్క చూసి కొన్ని కంపెనీలు 20 అంటయి, ఇంకొందరు 21 అంటరు, మూడు ఒకటే మిషన్, 18 కన్న 20 గొప్పదని మోసపోకండ్రి. 48 రావాలంటె పదమూడు సెల్లులు పట్టాలె, ఆ పిడికెడు బ్యాటరీల పదమూడు సెల్లులు ఎక్కడ పడతయి? ఆ నంబరు పక్కన చిన్నగ ఇంకో అక్షరం ఉంటది చూడండ్రి, 48 వీఎఫ్ అని, అది మోడల్ పేరు అంటరు అడిగితె. బ్యాటరీ చేతిల పట్టుకొని బరువు చూస్తె అర్థమైపోతది, లోపల ఉన్నదేందో.

వోల్టులతోని పాటు పక్కన రాసిన ఆంపియర్ అవర్ గూడ చూడాలె. రెండు గుణిస్తె బ్యాటరీల ఎంత కరెంటు పడతదో తెలుస్తది. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అంటె 36 వాట్ అవర్. కాంక్రీటు మీద మిషన్ 300 వాట్లు గుంజుతున్నదనుకోండ్రి, 36 వాట్ అవర్ ఏడు నిమిషాలల్ల ఖతం. 12 వోల్ట్ దాంట్ల ఉండేది దాదాపు 21 వాట్ అవరే, నాలుగు నిమిషాలు. స్క్రూలకైతె ఒక్కొక్కటి రెండు మూడు సెకండ్ల పని, పొద్దంత నడుస్తది. అందుకే బ్యాటరీ మిషన్ అసలు పని స్క్రూలు, చెక్క, రేకు, ఇటుకల నాలుగైదు బొక్కలు. నిజం చెప్పాలంటె, మీ ఇల్లు అంత కాంక్రీటు గోడల అపార్ట్‌మెంట్ అయ్యి, మీ పని అంత గోడకు బొక్కలే అయితె, బ్యాటరీది కొనకండ్రి. 600 వాట్ల వైరు మిషన్, 13 ఎం.ఎం. దాక బిట్టు పట్టే చక్‌ది, మంచి బ్రాండ్ బ్యాటరీ మిషన్ ధరల సగానికే వస్తది, చార్జింగ్ బాధ లేదు, పదేండ్లు మూలకు పెట్టినా తీస్తె నడుస్తది, బ్యాటరీ అట్ల కాదు, వాడినా వాడకున్నా ముసలిదైతది.

మరి బ్యాటరీది ఎవరికి? మాకు ఊర్ల చెలక ఉన్నది, బోరు కాడ స్టార్టర్ డబ్బా బిగియ్యాలంటె, రేకుల షెడ్డుకు ఊడిన స్క్రూ పెట్టాలంటె అక్కడ ప్లగ్ పాయింట్ ఏడుంటది. మిద్దె మీద ట్యాంకు కాడ, గేటు కాడ, నిచ్చెన మీద నిలబడి సజ్జ కింద, అన్ని చోట్లకు ఎక్స్‌టెన్షన్ బాక్సు గుంజుకపోవుడు ఒక నరకం. అసుంటోళ్ళకు బ్యాటరీదే కావాలె. ఇటుక గోడల సొంతిల్లు, నెలకోసారి చిన్న పని అంటె 12 వోల్ట్ ఇంపాక్ట్ చాలు, కిలోకు జర అటిటు బరువు, ఆడోళ్ళు గూడ ఒక్క చేత్తోని పట్టుకుంటరు, మా ఇంట్ల నాకన్న ఎక్కువ వాడేది మా ఆమెనే. దాని తిప్పే బలం 30 న్యూటన్ మీటర్ల చుట్టు ఉంటది. 18 వోల్ట్‌ది 50, 60 ఉంటది, వ్యవసాయం పని, షెడ్డు పని, ఎనిమిది పది ఎం.ఎం. బొక్కలు ఉన్నోళ్ళు దాని దిక్కు పోండ్రి. పైగ ఆ 18 వోల్ట్ బ్యాటరీనే అదే కంపెనీ గ్రైండరుకు, బ్లోయరుకు పనికొస్తది, తర్వాత బ్యాటరీ లేకుంట ఉత్త మిషన్ కొంటె చాలు. ఒకసారి ఒక కంపెనీ బ్యాటరీ ఇంట్లకొచ్చిందంటె ఇగ ఆ కంపెనీకి అల్లుడైనట్టే, కాబట్టి మొదటిసారే ఆలోచించి కొనాలె.

బ్రష్‌లెస్ గురించి అడుగుతరు. కార్బన్ బ్రష్‌లు, అంటె మోటరుకు కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అందుల ఉండవు, వేడి తక్కువ, అదే బ్యాటరీ మీద ఎక్కువసేపు నడుస్తది, మంచిదే. రోజు పని చేసేటోళ్ళకు పైసలు పెట్టొచ్చు. ఇంటికి మామూలుదే చాలు, కార్బన్లు అరిగేదాక మనం వాడితె గద.

ఆన్‌లైన్ల చౌక దొరికినా, వీలైతె ఒకసారి దుకాణంకు పోయి చేత్తోని పట్టుకొని చూడండ్రి. నల్గొండల ప్రకాశం బజార్ దిక్కు హార్డ్‌వేర్ దుకాణాలల్ల చూపిస్తరు, ఇంకా రకాలు కావాలంటె సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోవాలె, మిషన్ల దుకాణాలు వరుసగ ఉంటయి అక్కడ. చక్‌ల ఒక పొడుగు బిట్టు బిగించి మెల్లగ తిప్పి బిట్టు కొసనే చూడండ్రి, కొస గుండ్రంగ ఊగుతుంటె చక్ సక్కగ లేదన్నట్టు, ఇంకోటి తీయమనండ్రి. ట్రిగ్గర్ సగం నొక్కితె మెల్లగ, మొత్తం నొక్కితె జోరుగ తిరగాలె, కొన్ని చౌక మిషన్లు నొక్కంగనే ఒక్కసారి ఎగురుతయి, స్క్రూ తల ఖరాబు చేస్తయి. ముందర నంబర్ల రింగు ఉంటది గద, అది క్లచ్చు. చిన్న నంబరు మీద పెట్టి స్విచ్ బోర్డు ప్లేటు స్క్రూ బిగిస్తె, చాలు అన్న కాడ కటకట అని ఆగుతది, ప్లేటు పగలదు. రింగు మీద బిట్టు గుర్తు బొక్కలకు, సుత్తె గుర్తు గోడకు. పైన గేరు 1 స్క్రూలకు, 2 బొక్కలకు. ఈ రింగు సంగతి తెల్వక అన్ని పనులు సుత్తె గుర్తు మీదనే చేసేటోళ్ళను చూసిన నేను, చెక్కల గూడ.

చెక్క అంటె గుర్తొచ్చింది, మన పాత దర్వాజలు వేప చెక్కవి, టేకువి, ఎండి ఎండి రాయి అయి ఉంటయి. మడత బందు స్క్రూ నేరుగ దింపితె స్క్రూ తల తెగుతది, లేకుంటె చెక్క చీలుతది. స్క్రూ కన్న సన్నటి బిట్టుతోని ముందు దారి చేసి, స్క్రూకు జర సబ్బు రాసి దింపితె నూనె పూసినట్టు పోతది. పూర్వం వడ్లాయన బర్మాతోని చేసిన పని అదే.

ఇగ నల్గొండల ప్రతి ఇంట్ల గోడకు ఏలాడేది ఒకటుంటది, నీళ్ళ ఫిల్టరు. ఎందుకో మీకు చెప్పాల్సిన పని లేదు, ఫ్లోరైడ్ పేరు చెప్తె దేశం మొత్తం మన జిల్లానే యాది చేస్తది, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌ల నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ఆ ఫిల్టరు ఏడెనిమిది లీటర్ల ట్యాంకు నిండినంక బరువు మొత్తం రెండు స్క్రూల మీద ఉంటది, గోడకేమో వంటింట్ల టైల్స్. టైల్ మీద బిట్టు జారకుంట పేపరు టేపు అతికించి దాని మీద గుర్తు పెట్టుండ్రి, హ్యామర్ బందు చేసి మెల్లగ టైల్ దాటిచ్చుండ్రి, దాటినంకనే హ్యామర్ ఆన్ చెయ్యుండ్రి. టైల్ అంచు కాడ, మూలకు వెయ్యకండ్రి, చీలుతది. చిన్న ప్లగ్గు పెడితె సగం టైల్ల, సగం ప్లాస్టర్లనే ఉంటది, ఇటుక దాక పోదు, రెండించుల పొడుగుది పెట్టుండ్రి. ఎంత లోతు అని బిట్టు మీద టేపు ముక్క చుట్టుకుంటె కొలత తప్పదు. బొక్కల దుమ్ము ఊది, మొకం పక్కకు పెట్టి ఊదుండ్రి, తర్వాత ప్లగ్గు కొట్టుండ్రి, దుమ్ము ఉంటె ప్లగ్గు మొత్తం పోదు.

స్విచ్ బోర్డుకు సక్కగ పైన, సక్కగ కింద ఎప్పుడు బొక్క వెయ్యకండ్రి, వైరు పైపు ఆ దారినే పోతది. నల్లా మీద గూడ అంతె. అనుమానముంటె మెయిన్ బందు చేసి వెయ్యుండ్రి, బ్యాటరీ మిషన్‌కు కరెంటుతోని పనే లేదు గద, ఇది దానికున్న ఇంకో సుఖం.

వంద ముక్కల డబ్బా చూసి ఆశపడకండ్రి, అందుల బిట్లు రెండు బొక్కలకు మొద్దువారతయి. విడిగ ఆరు, ఎనిమిది ఎం.ఎం. గోడ బిట్లు, కొసకు కార్బైడ్ ముక్క అతికిన మంచి కంపెనీవి, ఇనుముకు మూడు, నాలుగు, ఐదు ఎం.ఎం. గట్టి ఉక్కు హెచ్‌ఎస్‌ఎస్‌వి, స్క్రూలకు నాలుగు స్టార్ బిట్లు తెచ్చుకుంటె ఇల్లు మొత్తం గడుస్తది. గోడ బిట్టుతోని ఇనుముకు, ఇనుము బిట్టుతోని గోడకు వేసి మిషన్‌ను తిట్టకండ్రి.

మన ఎండలు తెలిసినయే, మే నెలల 45 దాటుతది. ఎండల పని చేసి బ్యాటరీ సలసల కాలుతుంటె అప్పుడే చార్జింగ్ పెట్టకండ్రి, మంచి చార్జర్ అయితె తీస్కోదు, లైటు ఎర్రగ కొట్టుకుంటది, చౌకది తీస్కుంటది, అదే ప్రమాదం. నీడల చల్లారినంక పెట్టుండ్రి. కారు డిక్కీల, మిద్దె మీద రేకు అర్రల దాచొద్దు. నెలల తరబడి వాడకుంటె సగం చార్జింగ్ ఉంచి ఇంట్ల పెట్టుండ్రి. కొనేటప్పుడు రెండు బ్యాటరీల సెట్టే తీస్కోండ్రి, విడిగ బ్యాటరీ కొనాలంటె మిషన్ ధరల దగ్గరదగ్గర సగం అడుగుతరు. బిల్లు మీద సీరియల్ నంబరు ఉన్నదా చూస్కొని, వారంటీ రిజిస్ట్రేషన్ ఆ రోజే చేస్కోండ్రి, సర్వీస్ సెంటర్ ఏడున్నదో గూడ ముందే అడగండ్రి, హైదరాబాద్‌ల ఉన్నదంటె వంద కిలోమీటర్లు పోయి రావాలె, బస్సు కిరాయి, ఒక రోజు సెలవు అందుల కలుపుకోవాలె.

మిషన్ ఇంట్ల ఉందని తెలిస్తె అడిగేటోళ్ళు మస్తుగొస్తరు. నేను మిషన్ ఇస్త, బ్యాటరీ ఒక్కటే ఇస్త, బిట్లు ఇయ్య. ఎవరి బిట్టు వాళ్ళు తెచ్చుకోవాలె.